భూసార పత్రం లెక్కించని జీవాలు

కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో ప్రారంభించిన భూసార పత్రం 12 అంశాలను తెలుపుతుంది. రైతుల కమతాలకే ఉద్దేశించిన ఆ పత్రంలో వానపాములకూ, పేడపురుగులకూ గడి లేదు. ఊరుమ్మడి పశువుల బీడుకు పత్రమే లేదు.

నేలలోని జీవాల మనుగడ ఆ నేల రసాయన గుణంపై ఆధారపడి ఉంటుందన్నది విస్మరించరాదు. కోరాపుట్, రాయగడ ప్రాంతాల ఎర్రనేలల్లో సున్నపు అంశం వర్షాలకు కొట్టుకుపోయి ఆమ్లత్వం పెరుగుతుంది. ఉదజని సూచిక 5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి వేళ్లకు విషమవుతుంది, వానపాములు క్షీణిస్తాయి, నత్తలకు గుల్ల కట్టుకునే కాల్షియం కొరవడుతుంది. తుంగభద్ర ఆయకట్టులోని బళ్లారి, రాయచూరు నల్లరేగళ్లలో సమస్య దీనికి విరుద్ధం. మురుగునీరు పోయే దారి లేనిచోట ఉప్పు పైకి తేలుతుంది. సోడియం చేరిన నేల బిగుసుకుపోయి, గాలి సోకక జీవాలు నశిస్తాయి. మొదటిదానికి సున్నం, రెండవదానికి జిప్సం, మురుగు కాలువ అవసరం. రెంటికీ ఒకే మందు పనికిరాదు.

ఒకే జాతి జీవం ప్రబలడమూ క్షేమం కాదు. బ్రెజిల్‌లో మనౌస్ సమీపాన అడవి నరికి పెంచిన పచ్చికబయళ్లలో, తక్కిన జీవాలు అంతరించగా, ఒకే జాతి వానపాము విజృంభించి నేలను గట్టిపరచినట్లు 1999లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

కనుక పంచాయతీలు బీడు మట్టిని సైతం పరీక్షకు పంపాలి. తొలకరి తరువాత అడుగు లోతు తవ్వి జీవాలను లెక్కించడానికి ఖర్చు లేదు. పశువుల మేత భవిష్యత్తు ఆ లెక్కలోనే ఉంది.