అయ్యూబ్ సమాధి దగ్గర అన్న

ఒమన్‌లో సలాలా అనే ఊరుంది. మస్కట్ నుంచి రోడ్డు మీద దాదాపు 1,000 కిలోమీటర్లు. గల్ఫ్ అంతా ఎండకు మాడిపోయే జూన్-సెప్టెంబర్ మధ్య అక్కడ మాత్రం తుంపర, పొగమంచు, పచ్చటి కొండలు. ఆ కాలాన్ని అక్కడ 'ఖరీఫ్' అంటారు. అవును, మన వానాకాలం పంటకున్న పేరే. అరబ్బీలో శరత్కాలమని అర్థం.

మస్కట్‌లో కోడింగ్ చేసుకునే నేనూ, అదే ఊళ్లో తాపీ పని చేసే మా పెదనాన్న కొడుకూ పోయిన ఖరీఫ్‌లో వెళ్లాం. అన్నకు నాలుగు నెలలుగా జీతం రావట్లేదు. వదినకు చెప్పలేదు. దారంతా నేను సొల్యూషన్లు ఇస్తూనే ఉన్నా. కంప్లయింట్ పెట్టు, కాగితాలన్నీ ఫొటో తీసి ఉంచు, వేరే పని చూసుకో. "సరే తమ్మీ" అనడం తప్ప అన్న ఏమీ మాట్లాడలేదు.

ఊరి బయట కొండల్లో అయ్యూబ్ ప్రవక్తదని చెప్పే సమాధి ఉంది. బైబిల్లో యోబు అంటే ఈయనే. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయినా నమ్మకం వదలని మనిషి, మనకు హరిశ్చంద్రుడిలా. టర్కీలో ఉర్ఫా, ఉజ్బెకిస్తాన్‌లో బుఖారా కూడా ఆయన్ని మావాడే అంటాయి. కష్టపడ్డ మనిషి కోసం ఇన్ని ఊళ్లు పోటీపడటం నాకు నచ్చింది.

చెప్పులు విడిచి లోపలికెళ్లాం. చిన్న గది, గుడ్డ కప్పిన సమాధి. ఒకాయన చేతులెత్తి దువా చేస్తున్నాడు.

"ఓపిక పట్టుమని చెప్పడానికేనా నన్ను ఈడికి తెచ్చినవ్?" అన్న మెల్లగా అడిగాడు.

నాకు బదులు తోచలేదు. బైబిల్ కథలో యోబు నోరు మూసుకుని భరించలేదు, దేవుణ్నే నిలదీశాడు. పరామర్శకొచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. ఆ తర్వాత నోరు తెరిచి, తప్పు నీదే అయ్యుంటుందని మొదలెట్టారు. అక్కడే చెడింది.

నేను ఏడు గంటలు కూడా ఆగలేదు.

బయటికొచ్చి తుంపరలో కూర్చున్నాం. అరగంట నేనేం మాట్లాడలేదు. అప్పుడు అన్నే ఫోన్ తీసి వదినకు కలిపాడు. "జీతం వస్తలేదు" అన్నాడు, అదే మొదటి మాటగా. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత వినిపించింది:

"తిన్నవా?"

మస్కట్ వెళ్లాక కంప్లయింట్ పెట్టడానికి ఇద్దరం కలిసే వెళ్లాం. అది ఇంకా నడుస్తోంది. మాట్లాడింది అన్నే. నేను ఫైల్ పట్టుకుని పక్కన కూర్చున్నా.