సెనక్కాయలతో బాకరా

హిందూపురంలో పట్టుగూళ్లు అమ్మిన డబ్బులో ఎనిమిది వేలు తగ్గాయి. రెండు రోజులు అడగ్గా అడగ్గా మా మరిది ఫోన్ తీసి చూపించాడు. "బాకరా అని పేకాట వదినా. లెక్క పట్టుకుంటే గెలవచ్చు" అన్నాడు.

నేను తిట్టలేదు. "అయితే నాకూ నేర్పు" అన్నాను.

ఆట తేలికే. ప్లేయర్, బ్యాంకర్ అని రెండు వైపులు. మనం ఏదో ఒక వైపు పందెం కాయాలి. రెండు వైపులా రెండేసి ముక్కలు పడతాయి. ఆసు ఒకటి. పది, జాకీ, రాణి, రాజు సున్నా. మిగతావి వాటి అంకెలే. కూడినప్పుడు తొమ్మిది దాటితే చివరి అంకే లెక్క. ఏడు, ఎనిమిది కలిస్తే పదిహేను కాదు, అయిదు. తొమ్మిదికి దగ్గరగా ఉన్న వైపు గెలుస్తుంది. మూడో ముక్క ఎప్పుడు వేయాలో కూడా నియమమే చెబుతుంది.

మరి ఆడేవాడి తెలివి ఎక్కడ? రమ్మీలో ఏ ముక్క ఉంచాలి, ఏది పారేయాలి అని ఆలోచన ఉంటుంది. 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా చూసింది అందుకే. బాకరా మాత్రం మన ఊళ్లలోని లోపల–బయటకి అక్క. ముక్క ఎటు పడితే అటే.

టై పోగా, నూరింటిలో ఇంచుమించు 51 సార్లు బ్యాంకరే గెలుస్తుంది. అందుకే ఆ వైపు గెలిచినవాళ్ల దగ్గర నూటికి అయిదు కోత. ఆ రాత్రి పిల్లల్నీ మరిదినీ కూర్చోబెట్టి సెనక్కాయలతో ఆడించాను. ఇరవై కాసి బ్యాంకర్‌తో గెలిస్తే పందొమ్మిదే ఇచ్చాను. పడుకునేసరికి కోత కాయలే నా చాటలో పన్నెండు. మరిది ఆ చాట వైపు చూస్తూ ఉండిపోయాడు.

డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రమూ చట్టం చేసింది. అయినా ఫోన్ జేబులోనే ఉంటుంది కదా! ఆడవాళ్లకు పేకాట గొడవ ఎందుకంటారు. ఆట తెలియకపోతే "లెక్క ఉంది" అన్నవాడికి మనం ఏం జవాబు చెప్తాం? ఏడవడం తప్ప.

మా లేపాక్షి గుడి గోడ మీద విరూపణ్ణ కళ్ల మరకలని చూపిస్తారు. ఖజానా సొమ్ము అడక్కుండా ఖర్చు పెట్టాడని ఆయన మీద నింద. పాపం, ఆయన గుడైనా కట్టాడు!

ఇక ఆడనని మరిది మాటిచ్చాడు. నమ్మాను. అయినా, గూళ్ల డబ్బు ఇప్పుడు మా తోడికోడలి ఖాతాలో పడుతోంది.