రేడియో చచ్చిపోలేదు, ఎర్త్ పోయింది

2018 సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు మా నాయన నాతో అన్న మొదటి మాట "బాగుండావా" కాదు. "రేడియో పలకడంల్యా రా, ఏందో చూడు."

ఊరంటే కమలాపురం, కడప దగ్గర. రేడియో అంటే కారులోది. 2009లో నా జీతం డబ్బులతో మొదటిసారి కొన్న చిన్న కారు అది (కంపెనీ పేరు ఎందుకులెండి). తర్వాత నేను బెంగుళూరులో ఇంకోటి కొనుక్కుని దాన్ని నాయనకి వదిలేశా. కంపెనీ వాళ్ళే బిగించి ఇచ్చిన రేడియో, సీడీ ప్లేయరు, ముందు రెండు స్పీకర్లు, అంతే. మా ఇంట్లో టీవీ మా అమ్మది. అందులో మా నాయనకి ఏ హక్కూ లేదు. కాబట్టి పొద్దున కాఫీ గ్లాసు పట్టుకొని వాకిట్లో ఉన్న కారులోకెళ్ళి కూర్చుంటాడు, కడప స్టేషన్ పెట్టుకుంటాడు. వార్తలు, రైతుల కార్యక్రమం, ఆ తర్వాత పాటలు. కారు కదలదు, ఆయనా కదలడు. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్‌జ్. ఆ స్టేషన్ 1963లో మొదలైంది, దాదాపు అప్పట్నుంచీ వింటున్నాడు. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం మరి.

సరే, మనం ఇంజనీర్లం కదా. ముందుగా మనకి తెలిసిన మహామంత్రం, ఆఫ్ చేసి ఆన్ చేయడం. పని చేయలేదు. తర్వాత ఫ్యూజు. స్టీరింగ్ కింద డబ్బా తెరిస్తే నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజు కనబడింది. బాగానే ఉంది, అయినా మార్చా. సెట్ వెనకాల ఇంకో ఫ్యూజు ఉంటుందని చాలామందికి తెలీదు. నాకు తెలుసు కాబట్టి గర్వంగా సెట్ బయటికి లాగి దాన్ని కూడా చూశా. అదీ బాగానే ఉంది. కప్లర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టా. పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య 12.4 వోల్టులు. తాళం తిప్పితే ఎర్ర వైరులోనూ అంతే. అంటే కరెంటు వస్తోంది, సెట్ పలకట్లేదు. తీర్పు రాసేశా: హార్డ్‌వేర్ డెడ్.

కడపలో సర్వీస్ సెంటరుకి తీసుకెళితే వాళ్ళు నా మాత్రం కూడా చూడలేదు. "మార్చాల సార్, పద్దెనిమిది వేలు, ఆర్డర్ పెడితే మూడు వారాలు పడుతుంది." పదేళ్ళ నాటి సీడీ ప్లేయరుకి పద్దెనిమిది వేలా! కారుని బెంగుళూరు తోలుకొచ్చి, తొమ్మిది వేలకి ఏడంగుళాల ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ ఒకటి వేయించా. మ్యాపులు, బ్లూటూత్, రివర్స్ కెమెరా, అన్నీ. పాత సెట్ పారేద్దామని ఫోన్లో అంటే నాయన ఒప్పుకోలేదు. "ఎందుకు పారేయడం, డిక్కీలో ఉండనీ."

రేడియో టెస్ట్ చేశానండీ, చేయలేదని కాదు. 91.1, 98.3, 101.3, 102.9... బెంగుళూరులో నేను వినే స్టేషన్లన్నీ గంట కొట్టినట్టు పలికాయి. కదిరి, పులివెందుల మీదుగా కారు తీసుకెళ్ళి ఊళ్ళో అప్పజెప్పి, పెద్ద పని చేసినవాడిలా బస్సెక్కేశా.

నెల తిరక్కుండా మూడు బగ్గులు రిపోర్టయ్యాయి. మొదటిది, కడప స్టేషన్ "నూనెలో మిరపకాయలు ఏంచినట్టు" వినిపిస్తోంది. రెండోది, పెళ్ళికని కర్నూలు వెళితే అక్కడి ఎఫ్.ఎం. అసలు రాలేదు. "నూటారెండు పాయింటు మూడు వస్తాది, నొక్కితే నూటారెండు పాయింటు ఐదుకి పోతాది. మధ్యలో నాలుగుని మింగేసినాది రా." మూడోది, పెళ్ళి నుంచి వచ్చి మూడు రోజులు కారు తీయకపోతే నాలుగో రోజు స్టార్ట్ కాలేదు.

ఉగాదికి వెళ్ళి కూర్చున్నా. రెండో బగ్గు నిజానికి చాలా అందమైనది, కాసేపు దాని గురించి చెప్పనివ్వండి. అమెరికాలో ఎఫ్.ఎం. స్టేషన్లు 0.2 మెగాహెర్ట్‌జ్ ఎడంతో ఉంటాయి, అవీ 87.9, 88.1 అంటూ చివర బేసి అంకెతోనే. మన దగ్గర ఆ నియమం లేదు. కర్నూలు 102.4, తిరుపతి 103.2. నేను కొన్న సెట్‌లో రీజియన్ "అమెరికా" అని ఉండిపోయింది. కాబట్టి దాని లోకంలో సరి అంకె స్టేషన్ అనేదే లేదు. మరి బెంగుళూరులో నేను టెస్ట్ చేసినవి? ఇంకోసారి చూడండి: 91.1, 98.3, 101.3, 102.9. అన్నీ బేసే! మన ఆఫీసుల్లో "నా మెషీన్‌లో పనిచేస్తోందే" అని రోజూ వినే మాట, నేను కారు రేడియోతో అన్నానన్నమాట. మీడియం వేవ్‌లోనూ ఇదే గొడవ. అమెరికాలో పది పది కిలోహెర్ట్‌జ్‌ల అంగలు, మనకి తొమ్మిది తొమ్మిది. హైదరాబాద్ 738, విజయవాడ 837, రెండూ తొమ్మిదితో పోతాయి, పదితో పోవు. కడప 900 మాత్రం అటు తొమ్మిదితోనూ ఇటు పదితోనూ పోతుంది. అందుకే అది మాత్రం మూలుగుతూ అయినా దొరికింది. సెట్టింగుల్లో దేశం మార్చడానికి పట్టింది ఒక్క నిమిషం. కనిపెట్టింది మాత్రం 102.4 ఎక్కడుండాలో తెలిసిన మా నాయన, నేను కాదు.

మూడో బగ్గు కోసం రోడ్డు మీద ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపే భాయ్ దగ్గరికెళ్ళాం. సెట్ లాగి చూసి నవ్వాడు. "ఎర్రది, పసుపుది రెండూ కలిపి చుట్టేసినారే సార్!" పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, గడియారం, స్టేషన్లు గుర్తుండటానికి. ఎర్రది తాళం తిప్పితేనే వచ్చేది. బెంగుళూరులో బిగించినతను రెండిటినీ పసుపుకే కలిపేశాడు. తాళం లేకుండా కూడా పాటలు వినొచ్చని నాకదో సౌకర్యంగా చెప్పాడు కూడా. స్క్రీన్ ఆరిపోయినా లోపల అర ఆంపియరు లాగుతూనే ఉందని మీటర్ పెడితే తెలిసింది. అరని డెబ్బై రెండు గంటలతో గుణిస్తే 36. మా కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లు. లెక్క సరిగ్గా సరిపోయింది!

ఇక మొదటి బగ్గు. యాంటెన్నా మొదట్లో చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది, దానికి కరెంటు ఇచ్చే నీలం వైరు కలపలేదు. భాయ్ కలిపాడు, కొంచెం మెరుగైంది. కానీ మిరపకాయలు వేగుతూనే ఉన్నాయి. అనుమానమొచ్చి స్క్రీన్ ఆర్పి చూశా. సగం చప్పుడు తగ్గింది. సిగరెట్ లైటర్‌లోని ఫోన్ ఛార్జర్ పీకా. ఇంకొంచెం తగ్గింది. అంటే స్టేషన్ బాగానే ఉంది, దాన్ని వినాల్సిన సెట్టే దాని నెత్తిన గోల చేస్తోంది. దీనికి సెట్టింగు ఏమీ లేదు.

అప్పుడు నాయన డిక్కీ తెరిచి పాత సెట్ తెచ్చి భాయ్ చేతిలో పెట్టాడు. "ఇది చూడప్పా ఒకసారి."

భాయ్ మల్టీమీటర్ తీయలేదు. రెండు వైర్లకి బిగించిన ఒక హెడ్‌లైట్ బల్బు తీశాడు. పాత కప్లర్‌లో పసుపుకీ నల్లదానికీ మధ్య పెడితే బల్బు మినుగురుపురుగులా వెలిగీ వెలగనట్టు ఉంది. ఒక వైరు పసుపు మీదే ఉంచి, రెండోది కారు బాడీ ఇనుముకి ఆనించాడు. కళ్ళు చెదిరేలా వెలిగింది. "సెట్ బాగానే ఉంటాది సార్. ఎర్త్ పోయిండాది." డ్యాష్‌బోర్డ్ వెనక ఎర్త్ వైరు బిగించిన బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టింది.

మరి నా 12.4 వోల్టులు? మల్టీమీటర్ దాదాపు కరెంటు లాగదు. కరెంటు పారనప్పుడు చిలుము దగ్గర వోల్టేజీ పడిపోదు. కాబట్టి వెంట్రుక మందం సందు మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. లోడ్ పెడితేనే నిజం బయటపడుతుంది. లోడ్ టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌కి పంపొద్దని జూనియర్లకి పాఠాలు చెప్పేవాణ్ణి నేను! బెంగుళూరులో కొత్త సెట్ ఎందుకు పలికిందంటే, అతను ఎర్త్‌ని కొత్తగా వేరే చోట బిగించాడు, అందుకు.

భాయ్ చిలుము గీకి, కొత్త ఎర్త్ వేసి, పాత సెట్ తగిలించాడు. లైట్లొచ్చాయి. ఆనందం అరక్షణమే. తెర మీద ఒకటే మాట: కోడ్.

1980, 90ల్లో కారు స్టీరియోల దొంగతనాలు ఎక్కువని కంపెనీలు పెట్టిన తాళం ఇది. కరెంటు తీసి మళ్ళీ ఇస్తే నాలుగంకెల కోడ్ అడుగుతుంది. తప్పు కొడుతూ పోతే తాళం పడిపోతుంది. కోడ్ కార్డు కారుతో పాటే ఇస్తారు, మనం పారేస్తాం. సర్వీస్ సెంటరుకి ఫోన్ చేస్తే ఆర్.సి., ఆధార్ తీసుకుని రండి, సెట్ నంబరు కంపెనీకి పంపిస్తాం, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. నా కారు, నా రేడియో, డబ్బులు కట్టింది నేను, రుజువులు చూపించాల్సిందీ నేనే. నేను ఇలా గొణుగుతుండగా నాయన ఇంటికెళ్ళి 2009 నాటి ఎల్ఐసీ డైరీ పట్టుకొచ్చాడు. కారు కొన్న రోజు పేజీలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, టైర్ల నంబర్లు, దాని కింద "రేడియో" అని నాలుగంకెలు.

కొట్టాం. కడప పలికింది. భాయ్ నూట యాభై తీసుకున్నాడు.

ఇదంతా చెప్పింది భాయ్‌ని పొగడటానికో, నన్ను తిట్టుకోవడానికో కాదు (రెండూ అవసరమే, ఏ మాటకామాట). నా గొడవ మన వృత్తితో. పాడైనదాన్ని వెతికి పట్టుకోవడం కంటే మొత్తం పీకి కొత్తది పెట్టడం మనకి అలవాటైపోయింది. సర్వర్ మొరాయిస్తే కొత్తది లేపుతాం, కారణం ఎవడిక్కావాలి? ఆఫీసులో అది చెల్లుతుంది, ఇంకో సర్వర్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. ఇక్కడ తొమ్మిది వేలు పెట్టి, బాగున్న వస్తువుని డిక్కీలో పడేసి, మూడు కొత్త జబ్బులు తెచ్చిపెట్టా.

రెండోది, ఇప్పుడు కారు రేడియో అంటే మనం రాసిన కోడే. 2022 జనవరిలో సియాటిల్ దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? కే.యూ.ఓ.డబ్ల్యూ. అనే స్టేషన్ 94.9లో డిజిటల్ ప్రసారంతో పాటు బొమ్మల ఫైళ్ళు కూడా పంపేది. వాటిలో కొన్నిటికి పేరు చివర ఉండాల్సిన ఎక్స్‌టెన్షన్ లేదు. అంతే, 2014-17 మోడల్ మాజ్దా కార్ల స్క్రీన్లు వరుసగా రీస్టార్ట్ అవుతూ, ఆ ఒక్క స్టేషన్ మీదే ఇరుక్కుపోయాయి. చెడిపోయిన భాగం మార్చాలంటే దాదాపు 1500 డాలర్లు. ఒక ఫైలు పేరు సరిచూసుకోని పాపానికి! ఎర్త్ పోతే భాయ్ గీకుతాడు. ఇది ఏ భాయ్ గీకాలి?

పైగా ఆ రోజుల్లో నాలుగంకెల కోడ్ అయినా డైరీలో రాసుకోగలిగేది. ఇప్పుడు చాలా కార్లలో సెట్‌ని కారు కంప్యూటరుకే ముడేస్తున్నారు. ఇంకో కారులోంచి తెచ్చి పెడితే కంపెనీ లాప్‌టాప్ తగిలించేదాకా పలకదు. అమెరికాలో మసాచుసెట్స్ జనం దీని మీద 2012లో ఒకసారి, 2020లో ఇంకోసారి ఓటేసి చట్టం తెచ్చుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో ఆటోమొబైల్ కూడా ఒక విభాగం. మంచిదే. కానీ పోర్టల్ పెట్టినంత మాత్రాన భాయ్ చేతికి వైరింగ్ డయాగ్రమ్ రాదు. కంపెనీ కారు అమ్మేటప్పుడే అది ఇచ్చి తీరాలని నేనంటాను. రహస్యం బయటపడుతుందని వాళ్ళ వాదన. పసుపు వైరు ఎక్కడికెళ్తుందో కూడా రహస్యమైతే ఆ కారు నాది కానట్టే.

ఎలక్ట్రిక్ కార్లొచ్చాక మీడియం వేవ్‌కే ఎసరొచ్చింది. మోటారుని నడిపే ఎలక్ట్రానిక్స్ ఆ బ్యాండులో గోల చేస్తాయని టెస్లా, బి.ఎం.డబ్ల్యూ. లాంటివి వాటిలోంచి ఏ.ఎం. తీసేశాయి. ఫోర్డ్ 2023లో కొత్త కార్లన్నిటిలోనూ తీసేస్తామంది. విపత్తుల్లో ప్రభుత్వ హెచ్చరికలు ఎలా చేరతాయని అడిగేసరికి అదే ఏడాది మేలో వెనక్కి తగ్గింది. ఈ రోజుల్లో ఏ.ఎం. ఎవరు వింటారండీ అనేవాళ్ళకి ఒకటి చెప్తా. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వానల్లోనే మా పాపాఘ్ని కూడా పొంగి కమలాపురం బ్రిడ్జి కూలిపోయింది. కడప రోడ్డు తెగింది. మా ఇంట్లో కరెంటు లేదు, నాయన ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. బెంగుళూరులో కూర్చుని రాత్రంతా ఫోన్ కొడుతూనే ఉన్నా. పొద్దున దొరికాడు. "మాకేం కాలే. బ్రిడ్జి కూలిందంట, నువ్వు ఈ పక్కకి రావద్దు" అన్నాడు. మీకెలా తెలిసిందంటే, ఇంకెట్లా తెలుస్తాది, కారులో కూర్చుని రేడియో విన్నా అన్నాడు.

2024లో కారుకి పదిహేనేళ్ళు నిండాయి. ఆర్.సి. మళ్ళీ చేయించాలి, లేదా అమ్మేయాలి. కొత్తది కొందామని కడపలో ఒక షోరూముకి తీసుకెళ్ళా. కుర్రాడు పది అంగుళాల స్క్రీన్ చూపించి, మాటతోనే పాటలు వస్తాయని, సన్‌రూఫ్ తెరుచుకుంటుందని చెప్పుకుపోతున్నాడు. నాయన అంతా విని, మీడియం వేవ్ ఉండాదా అని అడిగాడు. కుర్రాడికి ఆ మాట అర్థం కాలేదు. లోపలికెళ్ళి ఎవర్నో అడిగి వచ్చి, లేదు సార్ అన్నాడు.

ఆర్.సి. ఇంకో ఐదేళ్ళకి చేయించాం. ఆండ్రాయిడ్ సెట్ మా అటక మీదుంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి. రీజియన్ సరిచేసే ఉంచా.