వియత్నాం పెరిగింది సరే, ఎవరి భూమి మీద?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

వియత్నాం మాటెత్తితే మన హాస్టల్లో రెండు జట్లు. "కమ్యూనిస్టు పార్టీ దేశాన్ని ఎలా లేపిందో చూడు" అని ఒకరు. "మార్కెట్టుకి తలుపు తీశారు కాబట్టే బాగుపడ్డారు" అని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ అక్కడి కొండల మీద బతికే జనం లేరు. నా కోపం అదే.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. 1986లో పార్టీ "దోయ్ మోయ్" పేరుతో సంస్కరణలు మొదలుపెట్టింది. 1988లో సాగు సహకార సంఘాల నుంచి కుటుంబాల చేతికొచ్చింది. తిండికి కటకటలాడిన దేశం 1989కే బియ్యం ఎగుమతి చేసింది. 1993లో నూటికి 58 మంది పేదలుంటే, 2008కి 15 మంది కూడా లేరు. ఇది చిన్న విషయమా? కాదు.

ఇప్పుడు డక్‌లక్, జియాలై కొండలకి రండి. అక్కడ ఎదే, జరాయ్ ఆదివాసులు మన పోడులాగే కొంత నేల సాగుచేసి, కొంత బీడు వదిలి, మళ్లీ దాని దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ బీడు సర్కారు లెక్కలో ఖాళీ భూమి. 1975 తర్వాత ప్రభుత్వ ఫారాలు, మైదానం నుంచి కిన్ జనం వచ్చారు. కాఫీకి రేటు రాగానే ఇంకా లక్షలమంది ఎక్కొచ్చారు. 1993 భూమి చట్టం కుటుంబానికి కాగితం ఇచ్చింది, దాన్ని అమ్ముకునే, తాకట్టు పెట్టుకునే హక్కూ ఇచ్చింది. అప్పులో ఉన్నోడికి ఆ హక్కు ఎందుకు పనికొస్తుంది? భూమి పోగొట్టుకోవడానికి!

కాఫీలో వియత్నాం బ్రెజిల్ తర్వాత రెండోది అయింది. ఆ కొండల బిడ్డలు మాత్రం 2001లో, 2004లో భూమి కోసం, మత స్వేచ్ఛ కోసం రోడ్డెక్కారు. ఎంతోమంది జైలుకి పోయారు, కొందరు కంబోడియాకి పారిపోయారు.

"ఆగండి, అభివృద్ధి మీదాకా వస్తుంది" అంటారా? వాళ్ల పేదరికమూ తగ్గింది, నిజమే. కానీ జనాభాలో 15 శాతం కూడా లేని మైనారిటీ తెగలు 1998లో దేశం మొత్తం పేదల్లో 29 శాతం. 2010కి 47 శాతం. ఇది ప్రపంచ బ్యాంకు లెక్కే. అందరూ ముందుకెళ్తుంటే దూరం పెరిగింది.

మన అరకు, పాడేరులోనూ కాఫీయే పండుతుంది. చిల్లులు ఎన్ని పడ్డా 1/70 చట్టం ఉంది కాబట్టి ఆ తోట ఇంకా మన చేతిలో ఉంది. రేపు ఎవరైనా వచ్చి "ఆ చట్టం మీ అభివృద్ధికి అడ్డం" అంటే వాళ్లకి డక్‌లక్ చూపించండి. జెండా ఎర్రదా, వేరే రంగుదా అని కాదు, భూమి ఎవరి పేరు మీద ఉందో అది అడగండి.