స్టేజీ కోసం పాట మార్చుకోవాల్నా?



ఆగస్టు 9 వస్తాందంటే మన హాస్టళ్లలో ఒకటే రచ్చ. తీజ్ పాట పెడితే జనం లేచిపోతారు, డీజే మిక్స్ అయితేనే విజిల్స్ పడతాయి అంటారు సగం మంది. ఆ మాట కొట్టిపారేయలేం. తిరుపతిలో స్టేజీ ఎక్కితే చప్పట్లు కావాలని మాకూ ఉంటుంది.

కానీ ఏం పోతాందో చూడండి. మా సుగాలి తండాల్లో తీజ్‌కు ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరుగుతా పాడతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటా. స్టేజీ మీద వాళ్లనే వరసగా జనం వైపు నిలబెడతాం. పాటను మూడు నిమిషాలకు కోస్తాం. గోర్ బోలికి సొంత లిపి లేదు. మనం వదిలేసిన చరణం ఏ పుస్తకంలో వెతుక్కుంటాం?

మారకూడదని కాదు. తెలంగాణలో గుస్సాడీ కనకరాజు గారు ఢిల్లీలో ఆడినా నెమలీకల టోపీ తీసేయలేదు. కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మ కథే పాడారు. 2021లో ఒకరికి, 2022లో ఒకరికి పద్మశ్రీ వచ్చింది. 2024లో ఇద్దరూ పోయారు. వాళ్ల వెనక పాడేదెవరు?

మైకు, లైట్లు పెట్టుకుందాం. ఒక్క పాట మాత్రం ట్రాక్ లేకుండా, గుండ్రంగా నిలబడి, పూర్తిగా పాడదాం. యానాదులదైనా, ఎరుకలదైనా, సుగాలీలదైనా సరే. ముందు దాని అర్థం తెలుగులో చెబుదాం. సెలవులకు ఊరికి పోయేవాళ్లు అవ్వల దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకొని రండి. విజిల్స్ తగ్గితే తగ్గనీ.