తెల్లవారాక మొదలయ్యే భయం

జార్జ్ రొమేరో 1968లో సుమారు 1,14,000 డాలర్లతో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో పలువురు సమీక్షకులకు నరమాంసభక్షణ ఒక్కటే కనిపించింది. ఆ ఏవగింపులో వారు ముగింపును విస్మరించారు. రాత్రంతా శవాలతో పోరాడి మిగిలిన నల్లజాతి కథానాయకుణ్ణి, కాపాడవలసిన తుపాకులే ఉదయాన శవమని భ్రమించి కాల్చివేస్తాయి. అతని దేహాన్ని కొక్కేలతో పట్టి చితికి చేర్చే దృశ్యాలు పత్రికల్లోని వార్తాచిత్రాల వలె నిశ్చలంగా సాగుతాయి. అది మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన సంవత్సరం. డ్యువేన్ జోన్స్‌ను నటన చూసే ఎంచుకున్నానని రొమేరో చెప్పుకున్నాడు. అయినా దర్శకుడు తలపెట్టని అర్థాన్ని కాలం ఆ ముగింపులో నింపింది. 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో దానికి చోటు దక్కింది. నెత్తురు చూసి ముఖం తిప్పుకున్న సమీక్ష, ఆ నెత్తురు ఎవరిదో అడగడం మరచిపోయింది.