కల ఎవరిది? అర్థం ఎవరిది?

మా విద్యార్థులు కొరియా సీరియళ్ళు తెగ చూస్తున్నారు. కాబట్టి వాటిని గురించి ఈ మధ్య ఒక సదస్సులో ఒక మిత్రులు పత్రం చదివితే శ్రద్ధగా విన్నాను. పాత గాథలు మొదలు నేటి టెలివిజన్ దాకా ఎక్కడ చూసినా కల కనిపిస్తుంది గనుక, కల కొరియా జాతి సామూహిక అచేతనలోని ఆదిరూపమని వారు తేల్చారు. యూంగ్ పేరు చాలాసార్లు వినిపించింది. ఆకలి ప్రసక్తి మాత్రం రాలేదు.

ఈ వాదం అన్ని కలలనూ ఒకే కల చేసివేస్తుంది. రాజు కల, ఖైదీ కల, నౌకరు కల ఒకటే అయితే ఇక విమర్శకుడికి పనేముంది?

ముందు రాజు కల చూద్దాం. 1392లో సేనాని యీ సోంగ్యే కొర్యో వంశాన్ని తొలగించి గద్దె ఎక్కాడు. మరుసటి ఏడే మంత్రి జోంగ్ డోజోన్ 'మోంగ్‌గుమ్‌చోక్' కట్టాడు. రాజు కాకపూర్వం యీ సోంగ్యే కలలో దివ్యపురుషుడు దిగివచ్చి, రాజ్యం చక్కబెట్టమని బంగారు కొలబద్ద ఇచ్చాడట. అదే ఆస్థాన నృత్యమైంది. సైనికబలంతో వచ్చిన అధికారానికి దైవానుమతి సంపాదించిపెట్టడమే ఆ కల పని. కట్టినవాడి పేరూ, కట్టిన సంవత్సరమూ తెలిసిన దానిని జాతి అచేతనకు అంటగట్టడం దేనికి?

మిత్రులు ముఖ్యంగా ఆధారపడింది 13వ శతాబ్దపు 'సామ్‌గుక్ యూసా'లోని జోసిన్ కథమీద. జోసిన్ మఠం భూములు అజమాయిషీ చేసే భిక్షువు. ఒక అధికారి కూతురిని ప్రేమిస్తాడు. ఆమె మరొకరి సొత్తయిందని ఏడ్చి నిద్రపోతాడు. కలలో ఆమెతో నలభై ఏళ్ళకు పైగా కాపురం చేస్తాడు. బిడ్డలు అయిదుగురు, తిండి లేదు. పదిహేనేళ్ళ కొడుకు ఆకలితో చస్తే దారిపక్కన పూడ్చిపెడతారు. అడుక్కోబోయిన కూతురిని కుక్క కరుస్తుంది. సంసారం స్వప్నమన్న నీతి మిత్రులకు చాలింది. ఆకలిచావును కూడా మాయ కింద జమకట్టవలసిందేనా? మేలుకున్న జోసిన్ మఠం భూముల పెత్తనం వదులుకున్నాడు. ఆ సంగతి పత్రంలో లేదు.

ఇక ఖైదీ కల. సర్కారు విందుల్లో ఆడిపాడే గిసెంగ్ కూతురు చున్‌హ్యాంగ్ నమ్వోన్ అధికారి కోరికను కాదని దెబ్బలు తిని జైలుపాలవుతుంది. పూలు రాలినట్టు, అద్దం పగిలినట్టు, గుమ్మంమీద బొమ్మ వేలాడినట్టు కల వస్తుంది. చావు తప్పదనుకుంటుంది. ఒక గుడ్డి జోస్యుడు దాన్ని తిరగవేస్తాడు: పువ్వు రాలితేనే గదా కాయ! పాన్సోరి గాయకులు జనం మధ్య పాడి నిలిపిన ఘట్టమిది. ఇక్కడ అర్థం చెప్పింది ఆస్థానం కాదు. అయితే చివరకు ఆమెను విడిపించినవాడు రాజు పంపిన రహస్య తనిఖీదారే. ఆనాటి జనం ఆశకు ఆ మేరకు హద్దు ఉంది.

ఆ హద్దు ఇంకా చెరగలేదు. 2022లో వచ్చిన 'రీబార్న్ రిచ్' చూడండి. కోటీశ్వర కుటుంబానికి అడ్డమైన చాకిరీ చేసిన ఉద్యోగి హత్యకు గురై, 1987లో ఆ ఇంటి ఆఖరు మనవడిగా కళ్ళు తెరుస్తాడు. చివరి భాగంలో మళ్ళీ ఉద్యోగిగానే మేలుకుంటాడు. ఆ మనవడి హత్యలో తానూ పావునేనని గుర్తించి సాక్ష్యం చెబుతాడు. డిసెంబరు 25న ఈ భాగం సుమారు 26.9 శాతం రేటింగు తెచ్చుకుంది, దానితోపాటు తిట్లూ తెచ్చుకుంది. మూలమైన వెబ్ నవలలో అతను యజమానిగానే నిలుస్తాడు. ప్రేక్షకులు కోరిందీ అదే.

ముగింపు హడావిడిగా ఉందన్నమాట నిజమే. ఒక్కడి సాక్ష్యంతో అంత పెద్ద సంస్థ చక్కబడడం ఆ రహస్య తనిఖీదారు న్యాయమే. అయినా నౌకరు తన పాపంలో తన వాటా ఒప్పుకున్నది ఆ మెలకువలోనే. నవల అతన్ని నిద్రలోనే ఉంచింది.

ప్రేక్షకుల కోపాన్ని మాత్రం చిన్నచూపు చూడకూడదు. 2015 ప్రాంతం నుంచి అక్కడి యువకులు మనుషులను బంగారు చెంచాతో పుట్టినవారు, మట్టి చెంచాతో పుట్టినవారు అని విడదీసి మాట్లాడుకుంటున్నారు. పనిచేసి పైకి రాలేమనుకున్నవాడు గొప్పింట మళ్ళీ పుట్టాలని కలగంటాడు. దానికి ఆదిరూపమని పేరుపెడితే ఆ నిరాశకు కారణమైనవారు హాయిగా తప్పించుకుంటారు. మన విద్యార్థులకు మనం నేర్పవలసిన విమర్శ ఇది కాదు.